జలజాగృతి నోరు మూయించిన వైనం

గుండ్లవాగు పట్టణంలో మంచినీళ్లు మూడు రోజులకొకసారి వస్తాయి. ఏ వేళకొస్తాయన్నది మాత్రం పైపుల దయ, మోటార్ల దయ, కరెంటువారి దయ. కోడి కూయకముందే రావచ్చు, మిట్టమధ్యాహ్నం రావచ్చు, మీరు పెళ్లికి బయలుదేరి ఇంటికి తాళం వేసి ఆటో ఎక్కాక రావచ్చు. వచ్చాక ముప్పావుగంట ఉంటాయి. అందుకున్నవాళ్లు డ్రమ్ములు నింపుకుంటారు. అందుకోనివాళ్లు ఆ తర్వాత మూడు రోజులూ అందుకున్నవాళ్లతో ఎంతో మర్యాదగా మసలుకుంటారు.

ఈ బాధ తీర్చడానికే పురపాలక సంఘంలో కాంట్రాక్టు మీద పనిచేసే వకుళ ఒక ప్రోగ్రాము రాసింది. సంగతి చాలా చిన్నది. నీళ్ల ట్యాంకు పక్కనున్న ఆఫీసులో ఒక కంప్యూటరు ఉంది. అందులో ఒక ఫోల్డరు, ఫోల్డరులో వార్డుకొక ఫైలు. ఏ వార్డుకు ఎప్పుడు నీళ్లు వదిలేదీ అక్కడి గుమాస్తా పేరయ్య ఆ ఫైల్లో రాస్తాడు, వేళ మారితే దిద్దుతాడు. వకుళ ప్రోగ్రాము చేసే పనల్లా ఆ ఫోల్డరు గుమ్మంలో కూర్చుని కళ్లప్పగించి చూడటం, ఏ ఫైలు మారినా వెంటనే ఆ వార్డు జనం ఫోన్లకు మెసేజి కొట్టడం. కమిషనర్ దక్షిణామూర్తి గారు దానికి 'జలజాగృతి' అని నామకరణం చేసి, కంప్యూటరుకు రిబ్బను కట్టించి, తామే కత్తిరించి, పేపర్లో ఫొటో వేయించుకున్నారు.

చూడటమేగా, అదీ ఒక పనేనా అనుకునేరు. చూస్తున్న వస్తువు ఉన్నట్టుండి మాయమైతే? లోపలికి రానివ్వకపోతే? వంద మార్పులు ఒకేసారి వచ్చి మీద పడితే? కాపలావాడి పనితనం అప్పుడు బయటపడుతుంది. వకుళకు తన ప్రోగ్రాము మీద గర్వమంతా అక్కడే. అట్లాంటప్పుడు అది గుడ్లు తేలేయదు. ఏమైందో ఎర్ర అక్షరాలతో చెబుతుంది. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, ఇంకొంచెం ఎక్కువసేపు ఆగి ఇంకోసారి ప్రయత్నిస్తుంది, అప్పటికీ కుదరకపోతే "ఎవరైనా మనిషి రావాలి" అని పిలుస్తుంది. అంత బుద్ధిగా పనిచేసేవాళ్లు ఆ ఆఫీసులో ఇంకొకరు లేరని వకుళ అభిప్రాయం. ఆ ఆఫీసు చూసినవాణ్ణి గనుక నేనూ కాదనలేను.

వచ్చిన చిక్కల్లా, ఆ ఎర్ర అక్షరాలు కనబడే పెద్ద తెరను కమిషనర్ గారి గదిలో, సరిగ్గా ఆయన కుర్చీకి ఎదురుగా బిగించారు.

అట్లా ఉండగా పైనుంచి సర్క్యులర్ దిగింది. రాష్ట్రమంతటా 'లోపరహిత పాలనా పక్షోత్సవాలు' జరపాలి. ఆ పక్షం రోజుల్లో ఒక్క లోపమూ నమోదు కాని పురపాలక సంఘానికి షీల్డు ఇస్తారు. చివరి రోజున షీల్డు కమిటీ స్వయంగా వేంచేస్తుంది.

పక్షోత్సవాలు మొదలైన శుక్రవారం ఉదయం దక్షిణామూర్తి గారు పట్టుచొక్కా తొడుక్కుని వచ్చి, కుర్చీలో కూర్చుని, తలెత్తారు. ఎదురుగా ఎర్రగా ఒక వాక్యం ఉంది. "నేను చూస్తున్న ఫోల్డరు కనబడటం లేదు. మళ్లీ వెతుకుతాను."

"ఏమిటమ్మా ఈ అపశకునం?" అన్నారాయన, వకుళను పిలిపించి.

"ఏం లేదు సార్. పేరయ్య గారికి కాగితం ఫైళ్ల అలవాటు. వారానికొకసారి పాత ఫోల్డరుకి 'ముగిసినది' అని పేరు మార్చేసి, కొత్తది తెరుస్తారు. ఆ సంగతి ప్రోగ్రాముకి తెలుసు. ఒక్క నిమిషంలో కొత్తదాని దగ్గరికి పోయి కూర్చుంటుంది."

ఆమె మాట పూర్తయ్యేలోపే ఎర్ర వాక్యం పోయి పచ్చగా వచ్చింది. ఆయన ముఖం మాత్రం పచ్చబడలేదు.

"ఇప్పుడు కనబడింది సరే. కనబడలేదని అన్నదా, లేదా?"

సూపరింటెండెంట్ కోటిలింగం అందుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఏ ప్రశ్నకూ సూటిగా జవాబు చెప్పని ఘనత ఆయనది. "ప్రభుత్వ కార్యాలయంలో ఏదీ కనబడకుండా పోదమ్మా. 'ప్రస్తుతమునకు లభ్యతలో లేదు' అనాలి. కనబడలేదని రాతపూర్వకంగా అన్నాక ఇంకేముంది, పోలీసు రిపోర్టు ఇవ్వాల్సిందే."

ఆ మధ్యాహ్నమే 'లోప పరిష్కార సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు కమిషనర్ గారు, కార్యదర్శి కోటిలింగం, సభ్యురాలు వకుళ. మొదటి తీర్మానం ప్రకారం కోటిలింగం పోలీస్ స్టేషనుకు వెళ్లి ఫోల్డరు పోయి దొరికినట్టు రిపోర్టు ఇచ్చాడు. పోయినప్పుడు ఏ రంగులో ఉండిందని ఎస్సై అడిగాడు. పసుపు అని కోటిలింగం ఉన్నమాటే చెప్పాడు.

రెండో ఎర్ర వాక్యం సోమవారం వచ్చింది. "నీళ్ల ట్యాంకు కంప్యూటరు నాకు ప్రవేశం నిరాకరించింది." ట్యాంకు దగ్గర ఎవరో పాస్‌వర్డ్ మార్చారు, అంతే. వకుళ ఫోన్ చేసి కనుక్కుని, టీ చల్లారేలోపు సరిచేసింది. కానీ దక్షిణామూర్తి గారికి ఒళ్లు మండిపోయింది.

"ఎవరి ప్రోగ్రాముని ఎవరు నిరాకరించారు? నా కార్యాలయపు ప్రోగ్రాముని, నా కింది కార్యాలయపు కంప్యూటరు! ఇది హోదాకు సంబంధించిన విషయం. మెమో ఇవ్వండి."

"కంప్యూటరుకా సార్?" అంది వకుళ.

"తప్పు చేసిన వారికే మెమో ఇస్తారమ్మా. అది సహజ న్యాయం."

మెమో తయారైంది. "నీళ్ల ట్యాంకు కార్యాలయపు కంప్యూటరునకు తెలియజేయునది ఏమనగా, కమిషనర్ వారి ప్రోగ్రామును ద్వారము వద్దనే నిలిపివేయుట తీవ్ర క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణించడమైనది. మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ సమర్పించవలెను." అందినట్టు సంతకం పెట్టే వీలు కంప్యూటరుకు లేదు కాబట్టి, నిబంధనల ప్రకారం మెమోను దాని ముఖానికే జిగురుతో అంటించారు. సగం తెర మూసుకుపోయి, పేరయ్య మూడు రోజులు మెడ వంచి పనిచేశాడు. చివరికి సంజాయిషీ కూడా ఆయనే రాసిపెట్టాడు. సదరు కంప్యూటరు కొన్ననాటినుంచి ఎవరినీ పల్లెత్తు మాట అనలేదనీ, ఎండ దెబ్బకు ఒక్క క్షణం మతి తప్పినదనీ, పెద్దమనసుతో క్షమించవలెననీ. కమిషనర్ గారు హెచ్చరికతో వదిలిపెట్టారు.

ఇదంతా వకుళ ఇంట్లో చెప్పుకుని నవ్వింది. అత్తగారు సుభద్రమ్మ నవ్వలేదు. డ్రమ్ముల బాధ్యత ఆవిడది. "మీ ఆఫీసోళ్లు ఏమన్నా ఏడవనీ అమ్మాయ్. నా ఫోను మోగుతా ఉంటే చాలు. అది మోగిన కాడి నుంచే నేను కుళాయి కాడ బిందె పెట్టి కూచోడం మానేశా. మధ్యాన్నం ఓ కునుకు తీస్తున్నా" అంది. వకుళకు ఏ షీల్డూ ఇవ్వని సంతోషం ఆ మాట ఇచ్చింది.

ఆ తర్వాత గాంధీబొమ్మ దగ్గర పెద్ద పైపు పగిలింది. అన్ని వార్డుల వేళలూ మారిపోయాయి. పేరయ్య ఫైళ్లన్నీ దడదడా దిద్దేసరికి జలజాగృతి ఉన్నమాట చెప్పేసింది. "మార్పులు నేను అందుకోలేనంత వేగంగా వస్తున్నాయి. కొన్ని నా చేతి నుంచి జారిపోయి ఉండవచ్చు. అన్ని ఫైళ్లూ మొదటినుంచీ చూసుకుని, అందరికీ మళ్లీ మెసేజి పంపుతున్నాను." చెప్పిందే మళ్లీ చెప్పినా ఫరవాలేదు గానీ చెప్పకుండా మాత్రం ఉండకూడదని వకుళ దానికి నేర్పిన నీతి.

"జారిపోయాయట!" దక్షిణామూర్తి గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "జారవిడిచామని మనమే చాటింపు వేసుకుంటున్నాం." వెంటనే ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట నీళ్ల వేళల్లో మార్పు కోరువారు ముందురోజు సాయంత్రంలోగా మార్పు అనుమతి పొందవలెను.

అసిస్టెంట్ ఇంజనీరు బురద బూట్లతోనే పరుగెత్తుకొచ్చాడు. "సార్, పైపు పగిలేది ముందురోజే ఎట్టా తెలుస్తది సార్?"

"తెలుసుకోలేకపోవడమే మీ ప్రణాళికా లోపం."

"సార్, సార్," అని కోటిలింగం చెవి దగ్గరకు వంగాడు. "లోపం అనకండి. పక్షోత్సవాలు."

కమిషనర్ గారు నాలుక కరుచుకుని, అన్నమాట వెనక్కి తీసుకున్నట్టు కాగితం మీద రాయించారు. ఆ రాత్రంతా ఆయనకు నిద్ర పట్టినట్టు లేదు. మర్నాడు వకుళ వెళ్లేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం ఏదో వరం పొందినవాడిలా వెలుగుతోంది.

"అమ్మా వకుళా, మనం ఇన్నాళ్లూ ఒక్కొక్క లోపం వెంటా పడ్డాం. మూలం వదిలేశాం. లోపాలు ఎవరివల్ల వస్తున్నాయి? ఎవరు చెబితే మనకు తెలుస్తున్నాయి?"

"జలజాగృతి చెబితే సార్."

"అది చెప్పకపోతే?"

"తెలియవు సార్."

"తెలియనిది నమోదవుతుందా?"

వకుళకు ఆయన ఎటు పోతున్నారో అర్థమైంది. "సార్, అది చెప్పడం మానేస్తే లోపం పోదు, చెప్పడమే పోతుంది. ఫోల్డరు పేరు మారితే అది పాతదాని ముందే కూర్చుని ఉంటుంది. పెళ్లివారు విడిది మారిపోయినా పాత విడిది గుమ్మంలో సన్నాయి పట్టుకుని కూర్చున్న మేళగాడిలాగ. ఎవరికీ మెసేజి పోదు. పోలేదని కూడా ఎవరికీ తెలియదు సార్."

"అద్భుతం," అన్నారు దక్షిణామూర్తి గారు. "ఎవరికీ తెలియదు. అదే మనకు కావలసింది. ఏ లోపం ఎదురైనా మింగేసి, పచ్చ అక్షరాలతో 'అంతా ప్రశాంతం' అని రాయమను."

వకుళ ఇంకా వాదించింది. కాంట్రాక్టు ఉద్యోగి ఎంతవరకు వాదించవచ్చో అంతవరకూ వాదించి, కోటిలింగం గడియారం చూసుకోవడం మొదలెట్టాక ఊరుకుంది. వెళ్లి, లోపం వచ్చినప్పుడు చెప్పే వాక్యాలను, మళ్లీ ప్రయత్నించే వాక్యాలను పక్కన పెట్టేసింది. చెరిపేయడానికి చేతులు రాలేదు. పెద్ద తెర పచ్చబడింది. కమిషనర్ గారు ఆ పచ్చదనం ఎదుట కుర్చీ వెనక్కి వాల్చి, ఎన్నాళ్లకో కాళ్లు చాపుకున్నారు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. పేరయ్య యథాప్రకారం పాత ఫోల్డరుకు 'ముగిసినది' అని పేరు పెట్టి కొత్తది తెరిచాడు. తెర మీద "అంతా ప్రశాంతం."

శనివారం వకుళ వాళ్లుండే ఇరవయ్యో వార్డు కుళాయిల్లో నీళ్లొచ్చి, వచ్చినట్టు ఎవరికీ తెలియక, ముప్పావుగంటసేపు కాలవలో కలిసిపోయాయి. ఆదివారం ఇంకో నాలుగు వార్డులు ఎండిపోయాయి. సుభద్రమ్మ ఫోను చేతిలో తిప్పి తిప్పి చూసి, కోడలి ముందు పెట్టింది. "ఇది చెడిపోయిందేమో చూడమ్మాయ్. రెండు రోజులుగా కుయ్ మనలా, కయ్ మనలా. నమ్ముకుని పడుకున్నా. డ్రమ్ములో చెంబు ముంచితే అడుగు తగులుతా ఉంది." ఫోనుకేం కాలేదని వకుళకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోతూ పక్కింటికి రెండు బిందెలు పట్టుకుని తనే వెళ్లింది.

మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఫిర్యాదుల కిటికీ ముందు ఖాళీ బిందెల వరస. కిటికీలో కూర్చున్న గుమాస్తాకు కొత్త ఉత్తర్వు అందింది. తెర మీద లేని లోపాన్ని కిటికీలో స్వీకరించరాదు. అతను వచ్చినవాళ్లకల్లా చిరునవ్వుతో "అంతా ప్రశాంతం" అని చెబుతున్నాడు. ఒక ఇడ్లీ కొట్టు ఆవిడ "నీ ప్రశాంతంలో పిండి రుబ్బుకోమంటావా నాయనా?" అని అడిగింది. దానికీ అదే జవాబు వచ్చింది.

వకుళ తిన్నగా కమిషనర్ గదిలోకి వెళ్లింది. "సార్, ఊళ్లో నీళ్లు అందడం లేదు."

"తెర మీద ఉందా?"

"తెర చెప్పకుండా మనమే చేశాం కదా సార్."

"ఉందా, లేదా?"

"లేదు సార్."

"అయితే నువ్వు వదంతులు వ్యాపింపజేస్తున్నావన్నమాట," అన్నారాయన కూతురికి చెప్పినంత ఆప్యాయంగా. "షీల్డు రెండడుగుల దూరంలో ఉందమ్మా. ఓర్చుకో."

షీల్డు కమిటీ అధ్యక్షులు భూపతి గారు చివరి రోజు ఉదయం రైలు దిగి మునిసిపల్ అతిథి గృహంలో బస చేశారు. ఆయన స్నానం చేసి రాగానే ఆఫీసుకు తీసుకెళ్లడానికి దక్షిణామూర్తి గారు, కోటిలింగం, ల్యాప్‌టాప్ పట్టుకుని వకుళ, దండతో అటెండరు, అందరూ హాల్లో నిలబడి ఉన్నారు. అతిథి గృహానికీ ఊరందరి నీళ్లే. ఫోనుకు మెసేజి రాగానే వాచ్‌మన్ వెళ్లి వాల్వు తిప్పితే తొట్టి నిండుతుంది. వాచ్‌మన్ పోయిన శుక్రవారం నుంచీ మెసేజి కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

స్నానాలగదిలో నీళ్ల చప్పుడు కాసేపు ధారగా వినబడింది, సన్నబడింది, ఆగిపోయింది.

"ఎవరయ్యా అక్కడ! నీళ్లు ఆగిపోయాయి!"

హాల్లో ఎవరూ కదల్లేదు. అందరూ కమిషనర్ గారి వంక చూశారు. ఆయన గడియారం చూసుకున్నారు. పక్షోత్సవాలు మధ్యాహ్నంతో ముగుస్తాయి. ఇప్పుడు నీళ్లు లేవని ఒప్పుకుంటే లోపం నమోదవుతుంది. నమోదు చేసేవాడు లోపలే ఉన్నాడు. 

"ఎవరయ్యా! ముఖం నిండా సబ్బుంది! కళ్లు మండుతున్నాయి!"

దక్షిణామూర్తి గారు తలుపు దగ్గరకు వెళ్లి, గొంతు సవరించుకుని, వినయంగా అన్నారు. "సార్, అంతా ప్రశాంతం సార్."

లోపలినుంచి బకెట్టు తన్నిన చప్పుడు వచ్చింది. "ఎవరికయ్యా ప్రశాంతం? నీళ్లు లేవంటుంటే!"

"తమరు ఎదుర్కొంటున్న పరిస్థితి మా తెర మీద ప్రతిబింబించడం లేదు సార్," అన్నాడు కోటిలింగం. దండ పట్టుకున్న అటెండరు గోడవైపు తిరిగి భుజాలు కదిలిస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు.

వకుళ వాళ్లను చూసింది. వారం కిందట తన ప్రోగ్రాముకు నేర్పిన విద్యను ఇద్దరు పెద్దమనుషులు ఒక మూసిన తలుపు ముందు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్నారు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఇంటి డ్రమ్ము అడుగున చెంబు తగిలిన చప్పుడు గుర్తొచ్చి కోపమొచ్చింది. ఇద్దరినీ తప్పించుకుని తలుపు దగ్గరకు వెళ్లింది.

"సార్, నేను ఇక్కడి ప్రోగ్రామర్‌ని. నీళ్లెందుకు ఆగాయో చెప్పమంటారా?"

"చెప్పు తల్లీ! ఎవరో ఒకరు చెప్పండి, చచ్చిపోతున్నాను!"

"అధ్యక్షులవారి ఆజ్ఞ సార్," అంది వకుళ దక్షిణామూర్తి గారితో. సోఫా చేతి మీద ల్యాప్‌టాప్ తెరిచి, పక్కన పెట్టిన వాక్యాలన్నిటినీ వాటి వాటి చోట్ల మళ్లీ కూర్చోబెట్టింది. జలజాగృతి కళ్లు తెరిచింది. "నేను చూస్తున్న ఫోల్డరు పేరు మారిపోయింది" అని ఎర్రగా అన్నది. ఒక్క క్షణం ఆగింది. కొత్త ఫోల్డరును వెతికి పట్టుకుంది. "నేను చూడని కాలంలో ఏమేం జరిగిందో నాకు తెలియదు. అన్ని ఫైళ్లూ చదివి అందరికీ చెబుతున్నాను" అన్నది.

హాల్లో ముందు కమిషనర్ గారి ఫోను మోగింది, తర్వాత కోటిలింగం ఫోను, తర్వాత అటెండరుది. కిటికీ అవతల వీధిలో ఇంటింటికీ మోగిన చప్పుడు, పిల్లల కేకలు, బిందెలు దొర్లిన చప్పుడు వినబడ్డాయి. అతిథి గృహం వీధికి నీళ్లు వదిలి అప్పటికే పావుగంట అయిందట. వాచ్‌మన్ చెప్పులు కూడా వేసుకోకుండా వాల్వు దగ్గరకు పరుగెత్తాడు.

భూపతి గారు కళ్లు ఎర్రగా, ఒళ్లు శుభ్రంగా బయటికొచ్చి, వకుళ చెప్పిందంతా విన్నారు. "మూసిపెట్టారన్నమాట," అన్నారు. దక్షిణామూర్తి గారు మూసిపెట్టలేదనీ, లోపాలకు ప్రశాంత వాతావరణం కల్పించామనీ విన్నవించుకున్నారు. భూపతి గారు వినిపించుకోకుండా, దండ కూడా వేయించుకోకుండా, వచ్చిన దారినే రైలెక్కి వెళ్లిపోయారు.

షీల్డు రాలేదని వేరే చెప్పనక్కరలేదు. కానీ ఆ సబ్బు మంట రాజధాని దాకా వెళ్లింది. నెల తిరక్కుండా కొత్త సర్క్యులర్ వచ్చింది. రాష్ట్రమంతటా 'లోపాల వెలికితీత పక్షోత్సవాలు'. ఎక్కువ లోపాలు నమోదు చేసిన పురపాలక సంఘానికి షీల్డు.

మొదటి రోజు ఉదయం దక్షిణామూర్తి గారు అదే పట్టుచొక్కాతో వచ్చి తలెత్తి చూశారు. తెర పచ్చగా ఉంది. నిజంగానే ఏ లోపమూ లేదు. ఆయన ముఖం మాడిపోయింది.

"ఏమిటమ్మా ఈ పచ్చదనం? పక్క ఊళ్లో అప్పుడే పదకొండు వెలికితీశారట. మన ప్రోగ్రాముకి పట్టుదల లేదా?"

వకుళ జవాబు చెప్పేలోపే కోటిలింగం పరిష్కారం చూపించాడు. పేరయ్యకు ఉత్తర్వు పోయింది. ఫోల్డరు పేరును వారానికొకసారి గాక అరగంటకొకసారి మార్చవలెను. పేరయ్య మార్చాడు. జలజాగృతి ఎర్రగా అరిచి, వెతికి, పట్టుకుని, ఏం జారిపోయిందో ఏమోనని ఊరందరికీ మళ్లీ మెసేజి పంపింది. అరగంట తర్వాత మళ్లీ, ఆ తర్వాత మళ్లీ. ఇరవయ్యో వార్డుకు సాయంత్రం అయిదింటికి నీళ్లని పొద్దుటి నుంచీ వార్డంతటికీ చెవులు చిల్లులు పడేలా తెలిసిపోయింది.

వకుళ సాయంత్రం ఇంటికొచ్చేసరికి డ్రమ్ములన్నీ అంచుల దాకా నిండి ఉన్నాయి. వాకిట్లో సుభద్రమ్మ కొంగు దోపుకుని మొక్కలకు కూడా నీళ్లు పోస్తోంది. ఆమె నడుముకు చెక్కుకున్న ఫోను మళ్లీ మోగింది.

"చెవులు హోరెత్తిపోయి ఉంటాయి అత్తయ్యా," అంది వకుళ నొచ్చుకుంటూ. "మా వాళ్ల పిచ్చి ఇది. ఒక్క వార్త ఒక్కసారే వచ్చేట్టు రేపు సరిచేస్తాలే."

సుభద్రమ్మ ఫోను తీసి చూసుకుని, మళ్లీ నడుముకు దోపుకుంది.

"నువ్వేం సరిచేయబాకమ్మాయ్," అంది. "మోగితే ఏమవుద్ది, ఓ నిద్ర చెడుద్ది. మొన్న మోగనప్పుడు ఎంత హాయిగా పడుకున్నానో, లేచి చూసుకుంటే గొంతు తడుపుకోడానికి చుక్క లేదు."